విధి నిర్వహణలో ఉన్న ఎలుక

ఎలుక మరణానికి కారణం పిల్లి అని చెప్పడం తేలిక. మా పురపాలక సంఘం కూడా తొలుత అదే చెప్పింది. కాని ప్రతి కారణానికీ వెనుక మరొక కారణం ఉంటుందని నమ్మేవారు పిల్లి దగ్గర ఆగిపోరు. మా వీధిలో మరణించిన ఒక ఎలుక విషయంలో అలా వెనక్కి నడుస్తూ పోతే మొదట ఒక పిల్లి, పిల్లి వెనుక ఒక నియమం, నియమం వెనుక ఒక విభాగం, విభాగం వెనుక ఒక విదేశయాత్ర కనిపిస్తాయి. కనుక విదేశయాత్రతో మొదలుపెట్టడమే న్యాయం.

మాది ఉత్తరాంధ్ర తీరంలో చేపల బజారూ, బెల్లం కొట్లూ ఒకే వీధిలో ఉన్న పట్టణం. ఎలుకలకు ఇంతకన్న అనుకూలమైన భూగోళం ఉండదు. మా కమిషనర్ శేషసాయి గారు పట్టణ పరిశుభ్రతను అధ్యయనం చేయడానికి ఒక చలిదేశానికి వెళ్ళివచ్చారు. ఆయన బస చేసిన ఊళ్ళో ఎలుక అన్నది కనబడలేదట. అక్కడి వీధుల్లో చెత్త లేదనీ, మురుగు నేల కింద ప్రవహిస్తుందనీ ఆయన వెంట వెళ్ళినవారు గమనించారు. కమిషనర్ గారు మాత్రం అక్కడి ఇళ్ళ తలుపులు గాలి కూడా చొరకుండా మూసుకుంటాయన్న సంగతి గమనించారు. ఉభయులూ చూసినది నిజమే. అయితే చెత్త ఎత్తించడం పురపాలక సంఘం చేయవలసిన పని. తలుపు మూసుకోవడం పౌరులు చేయవలసిన పని. రెంటిలో అసలు కారణం ఏదో తేల్చడానికి ఈ ఒక్క భేదం సరిపోయింది.

అలా రంధ్రరహిత గృహ పథకం, దాన్ని నడపడానికి ఒక విభాగం పుట్టాయి. ప్రారంభ సభలో కమిషనర్ గారు చేసిన ప్రసంగం మాలో చాలామందికి ఇప్పటికీ కంఠస్థం. "ఎలుక జన్మమును మనము నివారింపలేము. ఎలుక ప్రవేశమును నివారింపగలము. ప్రవేశమునకు మూలము రంధ్రము. రంధ్రమునకు బాధ్యుడు గృహస్థుడు" అని ఆయన అన్నారు. సభ చివరి వరుసలో చేపల బుట్టల పక్కన ఒక బాధ్యత లేని ఎలుక అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఊరంతా కన్నాలు పూడ్చడం మొదలైంది. సిమెంటు, గాజుపెంకులు, కొబ్బరి పీచు, ఇనుప వల, ఎవరికి ఏది దొరికితే అది కూరారు. తనిఖీలో నెగ్గిన ఇంటికి పురపాలక సంఘం వారు నీలం రంగు రేకు బిగించేవారు. దాని మీద "ఈ గృహమున ఏ ప్రాణియూ ప్రవేశింపజాలదు" అని రాసి ఉండేది. పై ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు ఆ రేకు చదివి గుమ్మంలో సంచీతో సహా ఆగిపోయేవారు. కొందరు గృహస్థులు ఆ రేకు కోసం అంత ఆరాటపడటానికి కారణం ఇదేనేమోనని నాకు అనుమానం.

చిక్కు పరీక్ష దగ్గర వచ్చింది. విభాగాధికారి పొట్నూరు అప్పలసూరి గారు టార్చిలైటుతో గోడల మొదళ్ళు వెతికేవారు. ఈయన కన్నమన్నది ఇంటివారు పగులనేవారు. ఇంటివారు పగులన్నది ఈయన రహదారి అనేవారు. ఒకనాడు బెల్లం కొట్టు యజమాని ఒకరు విసిగి, "ఇందులోంచి ఎలక దూరుద్దని తవరికెలా తెలుసండి? తవరేటైనా దూరి చూసినారేటి?" అని అడిగాడు. అది వెటకారమని అక్కడున్న అందరికీ తెలిసింది. అప్పలసూరి గారు మాత్రం దాన్ని యథాతథంగా కార్యాలయానికి నివేదించారు. కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించారట. ఆ మాటలో తర్కదోషం ఏమీ ఆయనకు కనబడలేదు.

మరునాటి ఉత్తర్వు ఇలా ఉంది: "ప్రవేశార్హత గల జీవి మాత్రమే ప్రవేశాసాధ్యతను ధ్రువీకరింపగలదు."

ఆ విధంగా ఎలుకలు పురపాలక సంఘంలో చేరాయి. అంతకుముందు ఎలుకలను పట్టి చంపే పోలినాయుడే ఇప్పుడు వాటిని కార్యాలయం వెనుక రేకుల షెడ్డులో వలపెట్టెల్లో పెంచసాగాడు. వాటి హోదా క్షేత్ర పరీక్షక మూషికం. పద్ధతి సరళం. ఇంటి ముందు పెట్టె తలుపు తీస్తారు. పరీక్షకుడు లోపలికి వెళ్ళగలిగితే ఇల్లు తప్పినట్టు, వెళ్ళలేక తిరిగి పెట్టెలోకి వస్తే ఇల్లు నెగ్గినట్టు.

కాని ప్రభుత్వాన్నం తిన్న ఎలుక దూరడానికి ప్రయత్నించదు. ప్రతి ఇంటి ముందూ కాసేపు కూర్చుని, మీసాలు దువ్వుకుని, పెట్టెలోకి తిరిగి వచ్చేది. ఊరంతా నెగ్గేటట్టు కనబడింది. ఎలుకలను పస్తు ఉంచుదామని ఎవరో సూచిస్తే, విధుల్లో ఉన్నవారిని పస్తు ఉంచడం సేవా నియమాలకు విరుద్ధమని అప్పలసూరి గారు అభ్యంతరం చెప్పారు. కనుక పరీక్షకునికి ఆకలి కలిగించలేనప్పుడు ఇంటికి ఆకర్షణ కలిగించాలని తీర్మానమైంది. పరీక్షవేళ ప్రతి గృహంలోనూ ఎండు నెత్తళ్ళు వేయించాలి. శాకాహారులు వేరుశనగ పలుకులతో సరిపెట్టవచ్చు. అప్పలసూరి గారు గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి, వాసన సంతృప్తికరమో కాదో రాసుకునేవారు. మా వెనుక వీధిలో ఒక ఇంటి వేపుడు ఎలుకను సైతం ఆకర్షింపజాలదని ఆయన నిర్ణయించారు. ఆ ఇంటి అత్తగారు చాలా ఏళ్ళుగా చెబుతున్న మాటకు అలా ప్రభుత్వ ముద్ర పడింది.

ఇక నెత్తళ్ళ వాసనకు ఎలుకలు నిజంగానే దూరసాగాయి. దూరిన ఎలుకను చీపురు తిరగేసి కొట్టడం గృహస్థులకు తాతలనాటి అలవాటు. పరీక్షకులు కొందరు అలా విధినిర్వహణలోనే కన్నుమూయడంతో రెండో ఉత్తర్వు వచ్చింది. క్షేత్ర పరీక్షకుని అడ్డగించడం, బెదిరించడం, కొట్టడం ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించడమే అవుతుంది. గుర్తు కోసం పరీక్షకుల మెడకు పసుపు రిబ్బను కడతారు.

మసక వెలుతురులో పరుగెత్తే ఎలుక మెడలో రిబ్బను ఉందో లేదో చూడటం ఎవరి తరం? తెలివైనవారు ఏ ఎలుకనూ కొట్టడం మానేశారు. బోనులు అటకెక్కాయి. ఎలుకలకు చదువు లేని మాట నిజమే కాని, కర్ర ఆగిపోయిన సంగతి తెలుసుకోవడానికి చదువు అక్కరలేదు. నాలుగు వారాలు తిరగకుండా వీధుల్లో అవి మనుషులకు దారి ఇవ్వడం మానుకున్నాయి. విభాగం ఈ పరిణామాన్ని దాచలేదు, పైగా నివేదికలో సగర్వంగా చేర్చింది: "బయట విరివిగా కనబడుచున్న మూషికములే, లోపల అవి లేవనుటకు ప్రబల నిదర్శనము."

మిగిలినవి పిల్లులు. పిల్లి ఉన్న ఇంటి దగ్గరకే పరీక్షకులు పోవడం లేదని తేలింది. అలాంటి ఇల్లు తన గోడల బలం చేత కాక పరాయి బలం చేత నెగ్గుతున్నదని, ఇది పరీక్షలో చీటీలు పెట్టి రాయడం వంటిదని కమిషనర్ గారు నిర్ధారించారు. పిల్లిని పెంచడం అనుచిత సాధనం అయింది. జనం తమ పిల్లులను పల్లెల్లోని బంధువులకు పంపివేశారు. మా వీధిలో ఒక్క పిల్లి మిగిలింది. అది మా ఎదురింటి వరహాలమ్మది.

వరహాలమ్మ టెలిఫోను కార్యాలయంలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఈ ఊరి పెళ్ళిమాటలూ చావుకబుర్లూ అన్నీ ఆవిడ చెవి మీదుగానే వెళ్ళేవి. ఇప్పుడు ఆ చెవులు రెండూ పనిచేయవు. దగ్గరగా వచ్చి బిగ్గరగా, చిన్న మాటల్లో చెబితే అందుకుంటుంది. ఒంటరిగా ఉంటుంది. వీధిలోంచి ఎవరు పిలిచినా ఆవిడకు వినబడదు; పిల్లికి వినబడుతుంది. ఆవిడ పిల్లి వంక చూస్తుంది. దాని చెవులు గుమ్మం వైపు నిలబడితే ఎవరో కొత్తవారు వచ్చారని అర్థం, లేచి ఒళ్ళు విరుచుకుంటే తెలిసినవారు, పరుగెత్తితే పాలవాడు. ఆ పిల్లికి ఆవిడ ట్రంకు అని పేరు పెట్టింది. దూరం నుంచి కబురు తెచ్చేది ఆ రోజుల్లో ట్రంక్‌కాలే కదా.

మా ఊళ్ళో పిల్లులన్నీ వెళ్ళిపోయాక, దీన్ని కూడా కొన్నాళ్ళు ఎక్కడికైనా పంపించరాదా అని నేనే ఆవిడను అడిగాను. ఆవిడ నా పెదవుల వంక చూసి, "సెవులు తీసి పక్కూరికి పంపీమంటే నువ్వు పంపుతావేటి అప్పా?" అంది. నేను మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

ఇక్కడ విభాగం చేసిన ఒక పొరపాటును చెప్పాలి. ఎలుకలు చీకటి పడే ముందు చురుకుగా ఉంటాయని పరీక్షలన్నీ సంధ్యవేళకు నిర్ణయించారు. మా ప్రాంతంలో ఆ వేళకే ఇంట్లో దీపం పెట్టి, పెరటి తలుపు మూసి, వీధి తలుపు బార్లా తెరుస్తారు. లక్ష్మి వచ్చే వేళ తలుపు మూయడమంటే చేతులారా దరిద్రాన్ని పిలవడమే. అంటే, ఎలుక దూరుతుందో లేదో చూడడానికి విభాగం ఏరికోరి ఎంచుకున్నది ఊళ్ళో ప్రతి వీధి తలుపూ తెరిచి ఉండే వేళను. విభాగంలో అందరి ఇళ్ళలోనూ ఇదే ఆచారం ఉంది. కాని ఆ వేళకు వారు తమ ఇళ్ళలో ఉండరు, ఇతరుల గుమ్మాల ముందు ఉంటారు. అందుచేత ఎవరికీ తట్టలేదు. తట్టిన తరువాత ఉత్తర్వు మార్చడం మర్యాద కాదు గనుక, పోలినాయుడు ప్రతి గుమ్మం ముందూ, "పరీచ్చ మొదలెట్టేస్తన్నామమ్మా, ఓపాలి తలుపేసీండి" అని కేక వేసేవాడు. ఇంటివారు లక్ష్మికి మనసులో క్షమాపణ చెప్పుకుని కాసేపు తలుపు మూసేవారు.

వరహాలమ్మ ఇంటి ముందు కూడా అతను కేక వేశాడు. ఆవిడ దీపం పెట్టింది, కళ్ళకు అద్దుకుంది, వీధి తలుపు తెరిచింది.

మా వసారా నుంచి నాకంతా కనబడుతూనే ఉంది. పోలినాయుడు పెట్టె తీశాడు. పసుపు రిబ్బను కట్టిన ఎలుక, ఉద్యోగానికి కొత్తది కాబోలు, మెల్లగా మెట్టెక్కి, మీసాలు దువ్వుకుని, ముందు కాళ్ళు రెండూ గడప మీద పెట్టింది. ట్రంకు దీపం వెనుక నుంచి వచ్చింది. తరువాత జరిగినది చెప్పడానికి పట్టేంత సేపు కూడా జరగడానికి పట్టలేదు. పోలినాయుడు ఖాళీ పెట్టె పట్టుకుని మా వైపు తిరిగి, సంవత్సరాల తరబడి ఎలుకలను తానే చంపినా ఇంత బాధ ఎన్నడూ కలగలేదని, ఎందుకంటే అప్పుడు అవి తన కింద పనిచేసేవి కావని చెప్పాడు.

మరునాడు కార్యాలయంలో మౌనం పాటించారు. అప్పలసూరి గారు వచ్చి గడప మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, అడ్డంగా తాడు కట్టి, లక్క ముద్ర వేశారు. సదరు మార్జాలమును పురపాలక సరిహద్దుకు ఆవలకు ఏల తరలింపరాదో సంజాయిషీ చెప్పుకోవలసిందని వరహాలమ్మకు నోటీసు ఇచ్చారు. ఆవిడ చదివింది. ఆవిడ కళ్ళకు ఏ లోపమూ లేదు. చదివాక ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తన పక్షాన ఎవరో ఒకరు విచారణకు రావాలని, అక్కడివారు ఏమంటారో తనకు వినబడదని అంది. నేను వెళ్ళాను.

విచారణ పురపాలక సభామందిరంలో జరిగింది. పిల్లిని బుట్టలో పెట్టి బల్ల మీద ఉంచారు. కమిషనర్ గారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. అభియోగం చదివే బాధ్యత అప్పలసూరి గారిది. సాక్షి పోలినాయుడు. పిల్లి మీద విచారణ ఎలా ఉంటుందో చూడడానికి బజారు జనం చాలామంది వచ్చారు.

"ప్రతివాదియగు మార్జాలము, విధి నిర్వహణలో ఉన్న క్షేత్ర పరీక్షకుని బుద్ధిపూర్వకముగా అడ్డగించి ప్రాణహాని కలిగించినది. అంగీకరింతురా?" అని అప్పలసూరి గారు అడిగారు.

"ఏటి బాబూ?" అంది వరహాలమ్మ.

ఆయన గొంతు పెంచి మళ్ళీ చదివారు. మరింత పెంచి మరోసారి చదివారు. కార్యాలయ భాష అరవడానికి పుట్టిన భాష కాదు. పొడుగాటి సమాసం సగంలోనే ఊపిరి అయిపోతుంది. ఆయన దగ్గుతూ కూలబడితే పోలినాయుడు లేచి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అమ్మా, నీ పిల్లి ఎలకని సంపీసిందా?"

"సంపీసింది. పిల్లి కాదేటి మరి?"

సభలో నవ్వు లేచింది. కమిషనర్ గారు నవ్వలేదు. ఆయనకు ఈ విషయం అంత తేలికగా కనబడలేదు. ఆయన తన తర్కాన్ని వివరించారు, అది వినదగ్గ తర్కమే. ఎలుక ఇంటి లోపల మరణించి ఉంటే, అది అప్పటికే ప్రవేశించినట్టు. ప్రవేశించడంతో దాని విధి పూర్తయినట్టు. విధి పూర్తయిన పరీక్షకుడు ఉత్త ఎలుక. ఉత్త ఎలుకను చంపిన పిల్లికి శిక్ష లేదు, కాకపోతే ఇల్లు తప్పుతుంది. ఎలుక ఇంటి బయట మరణించి ఉంటే, అది ఇంకా విధుల్లోనే ఉన్నట్టు. అప్పుడు ఇల్లు నెగ్గుతుంది, పిల్లి ఊరు విడవాలి. కనుక తేలవలసినది ఒక్కటే.

"సంఘటన గృహమునకు లోపల జరిగినదా, బయట జరిగినదా?"

పోలినాయుడు చెవిలో చెప్పాడు. వరహాలమ్మ, "గడప మీదండి" అంది.

"గడప లోపలి భాగమా, బయటి భాగమా?"

ఈ ప్రశ్నకు ఆవిడ కొంచెం ఆశ్చర్యపోయింది. "లోపలైతే గడప కాడ ఇచ్చిపుచ్చుకోడం తప్పెందుకవుద్ది బాబూ? బయటైతే దానికి పసుపెందుకు రాస్తాం? గడప గడపే."

అప్పలసూరి గారు రాసుకున్నారు. సమయం పగలా, రాత్రా అని కమిషనర్ గారు అడిగారు. దీపం పెట్టే వేళ అని ఆవిడ చెప్పింది. అది పగటి కిందికి రాదు, రాత్రి కిందికీ రాదు. అప్పలసూరి గారి కలం ఆ మాట దగ్గర కాస్త మెల్లగా నడిచింది. ఉపయోగించిన ఆయుధం ఏమిటని కమిషనర్ గారు అడిగారు.

"పిల్లికి ఆయుధమేటి బాబూ? గోళ్ళు."

కలం ఆగిపోయింది.

సింహాచలం కొండకు మొక్కని ఇల్లు మా ప్రాంతంలో లేదు. ప్రతి ఇంటా ఒక అప్పన్న, ఒక అప్పలమ్మ, ఒక అప్పలసూరి ఉంటారు. ఇంటా కాదు బయటా కాదు, పగలూ కాదు రేయీ కాదు, ఆయుధం లేదు, గోళ్ళు. ఈ మాటలను ఒకదాని కింద ఒకటి రాసుకున్నవాడు ఇక్కడ ఆ పైన మరో మాట రాయలేడు. పోలినాయుడు భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. వెనుక వరుసలో ఒకామె లేచి నిలబడింది, ఆమెను చూసి మిగిలినవారు లేచారు. అప్పలసూరి గారు బల్ల కింద చెప్పులు వదలడం నేను చూశాను.

"అయ్యా, ఇది నేన్రాయలేనండి" అన్నారాయన. ఆయన నోట మామూలు తెలుగు రావడం మేము అదే మొదటిసారి వినడం. "మా ఇలవేలుపు కొండ మీదున్నాడండి. ఎలక తరఫున నిలబడి నేను వాదిస్తే, నేనెవడి తరఫవుతానో తవరే ఆలోచించండి. పిల్లలు గలవాణ్ణి."

బుట్టలోంచి ట్రంకు ఒకసారి ఆవులించింది. ఇద్దరు ముగ్గురు లెంపలు వేసుకున్నారు.

కమిషనర్ గారు దైవభక్తి లేనివారు కారు. కాని ఆ సభలో అందరికీ దేవుడు కనబడిన చోట ఆయనకు పాలనాపరమైన లొసుగు కనబడింది. దైవం పురపాలక పరిధిలోని అంశం కాదనీ, గడప పరిధిలోని అంశమేననీ ఆయన ప్రకటించారు. "గృహమునకు లోపల, బయట అను రెండు భాగములే ఉండవలెను. మూడవ భాగము ఉన్నంతకాలము ఏ చట్టమూ నిలువదు" అని చెప్పి, తీర్పును వాయిదా వేశారు. తీర్పు వచ్చేవరకు పిల్లి గృహనిర్బంధంలో ఉండాలి, గడప దాటకూడదు. ఆ గడప కేసులో సాక్ష్యం కనుక దాన్ని కదిలించకూడదు. ఇటువంటి సందిగ్ధం మరెక్కడా తలెత్తకుండా ఊళ్ళో తక్కిన గడపలన్నీ తొలగించాలి.

తీర్పు పిల్లి మీద వస్తుందని వెళ్ళిన మేము గడపలు పోగొట్టుకుని ఇళ్ళకు వచ్చాము. వరహాలమ్మకు దారిలో నేను వివరించాను. ఎప్పటికి తేలుస్తారని అడిగింది. చెప్పలేమన్నాను. బుట్టను చీర కొంగుతో కప్పుకుని నడిచింది.

ఆదర్శం కోసం మొదటి గడపను కమిషనర్ గారి బంగళాలోనే తీశారు. గునపాలతో పెకలించిన గడపలు పురపాలక లారీలో పోగుపడ్డాయి. తరతరాల పసుపు పట్టిన ఆ కర్రలను చూసి ముసలివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. గడప పోయిన గుమ్మం కింది పళ్ళు ఊడిన నోరులా ఉంటుంది. తలుపు దాని కోసం కొలిచి చేసినది కాబట్టి, గడప తీయగానే ప్రతి తలుపు కిందా తలుపంత వెడల్పున ఖాళీ ఏర్పడింది. బొటనవేలు పట్టే కన్నం కోసం నెలల తరబడి గోడలు వెతికిన విభాగం, తన చేతులతోనే ప్రతి ఇంటికీ రాజమార్గం వేసిపెట్టింది. అయినా ఏ నియమమూ ఉల్లంఘనకు గురికాలేదు. నిబంధనల ప్రకారం రంధ్రమంటే గోడలో గాని, కప్పులో గాని, నేలలో గాని ఉండేది. గుమ్మం కింద ఖాళీ ఉండగలదని వాటిని రాసినవారికి తోచలేదు. వారు రాసినప్పుడు అక్కడ గడప ఉండేది. నీలం రేకులు పైన అలాగే మెరుస్తుండగా ఎలుకలు వాటి కింది నుంచి లోపలికి నడిచాయి.

వాటితో పాటు క్షేత్ర పరీక్షకులూ వెళ్ళిపోయారు. పెట్టె తీస్తే వెళ్ళినవారు తిరిగి రావడం లేదు. పోలినాయుడు వీధి చివర నిలబడి నూకల డబ్బా ఆడిస్తూ పిలిచేవాడు. "ఏటీ లాభం నేదమ్మా. ఉజ్జోగాలొగ్గీసి సంసారాల్లో పడిపోనాయి" అని నాతో చెప్పుకున్నాడు. షెడ్డు ఖాళీ అయింది. పరీక్షకులు లేని విభాగం పరీక్షలు జరపలేదు గనుక, అప్పలసూరి గారిని పన్నుల విభాగానికి మార్చారు. ఆయన ముఖంలో ఎంతో తేట కనబడింది.

ఊళ్ళో ఎలుక దూరని ఇల్లు ఒక్కటే మిగిలింది. తాడు కట్టి, లక్క ముద్ర వేసిన ఆ ఒక్క గడప వెనుక ఉన్న ఇల్లు.

ఒకనాటి సాయంత్రం కమిషనర్ గారు ఆ ఇంటికి వచ్చారు. జీపు లేదు, బంట్రోతు లేడు. దీపం పెట్టి తలుపు తెరిచిన వరహాలమ్మ ఎదుట నిలబడి, "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా, మార్జాల సేవలను తాత్కాలిక ప్రాతిపదికన" అని మొదలుపెట్టారు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టింది. ఆయన మళ్ళీ చెప్పారు, ఇంకా గట్టిగా చెప్పారు. పాటలు వినడానికి వచ్చినట్టు వీధిలో జనం తలుపుల దగ్గర చేరారు. చివరికి ఆయన వంగి, ఆవిడ చెవిలో, మా అందరికీ వినబడేటట్టు అన్నారు:

"అమ్మా, మా ఇంటి నిండా ఎలకలు. మా ఆవిడ పుట్టింటికి పోతానంటోంది. మీ పిల్లిని కొన్నాళ్ళు ఇవ్వండి."

ఈసారి వరహాలమ్మకు మొదటి మాటకే అంతా వినబడింది. "దాని మీద కేసుంది కదా బాబూ" అంది. "ఎలక సచ్చిపోయిందని ఊరొదిలి పొమ్మన్నారు. తీర్పొచ్చేదాకా గడప దాటొద్దన్నారు. తవరి మాట తీసీడానికి నేనెంతదాన్ని?"

ఆయన జేబులోంచి కాగితం, కలం తీశారు. తరువాత అక్కడి మెట్టు మీదే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. తిరిగి రాజభాష వచ్చేసరికి ఆయన వెన్ను నిటారు అయింది. రాసి, సంతకం చేసి, గడప దగ్గర కాగితం ఇవ్వబోయారు. ఆవిడ పుచ్చుకోలేదు. తాడు దాటి మెట్టు మీదికి వచ్చి, అప్పుడు అందుకుంది. దీపం వెలుగులో ప్రతి అక్షరమూ చదివింది.

ఆ ఉత్తర్వు నేనూ చదివాను. మార్జాలము నిర్దోషి. దానిపై ఉన్న నిర్బంధమును ఎత్తివేయడమైనది. సదరు మార్జాలము నేటి నుండి కమిషనర్ గారి బంగళా యందు విధులలో చేరవలెను.

వరహాలమ్మ మొదటి రెండు వాక్యాలు రెండోసారి చదువుకుంది. కాగితాన్ని గుండెకు ఆనించుకుంది. చాలా వారాల తరువాత ఆవిడ మొహం విప్పారడం చూశాను.

"మరి పిల్లి?" అని కమిషనర్ గారు సైగ చేశారు.

ఆవిడ లోపలికి తిరిగి చూసింది. పీట కింద లేదు, మంచం మీద లేదు. ఇంతలో వీధికి ఇటువైపు, గడప పోయిన మా ఇంటి తలుపు కింది ఖాళీలోంచి ఒక తల, తరువాత ఒళ్ళంతా బయటికి జారాయి. ట్రంకు నోట లావుపాటి ఎలుక ఉంది. అది తొందరపడకుండా వీధి దాటి, గృహనిర్బంధం విధించిన అధికారి కాళ్ళ మధ్య నుంచి మెట్టెక్కి, తాడు కింద దూరి లోపలికి వెళ్ళిపోయింది. ఎదురింటి తలుపులూ పక్కింటి తలుపులూ ఎన్నాళ్ళ నుంచి దానికి తెరుచుకుని ఉన్నాయో అప్పుడు మా అందరికీ ఒక్కసారే అర్థమైంది. కమిషనర్ గారికి కూడా.

ఆయన తాను రాసిన ఉత్తర్వు వంక చూశారు. చివరి వాక్యం మీద వేలు పెట్టి చూపించారు, నేటి నుండి విధులలో చేరవలెనని.

వరహాలమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

"నేటి నుంచేటి బాబూ?" అంది. "అది డూటీ ఎప్పుడు దిగింది కనక?"